పిల్లలు రాని పని దినాలను ఉపాధ్యాయులు దేనికి వినియోగించుకోవాలి? ఆ నిర్ణయం ఎవరిది?

ప్రశ్న – ప్రధానోపాధ్యాయుడు, రాజోలు ప్రాంతం

అందరికీ నమస్కారం. కోనసీమలో ఒక ట్రస్టు నడుపుతున్న ఉన్నత పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయుణ్ణి. ఒకటి నుంచి పదో తరగతి వరకు ఉంది, ఉపాధ్యాయులం 18 మందిమి. వచ్చే జూన్ నుంచి ఏడాదిలో ఆరు రోజుల పాటు పిల్లలకు సెలవు ఇచ్చి, ఉపాధ్యాయులు మాత్రం బడికి రావాలని మా కమిటీ తీర్మానించింది. ఆ ఆరు రోజులూ ఏం చేయాలన్నది మాత్రం తేల్చకుండా, మే నెలాఖరులోగా ఆలోచించి రాసి ఇమ్మని నాకు అప్పగించింది.

విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి 200 పని దినాలు, 800 బోధన గంటలు. ఆరు నుంచి ఎనిమిది వరకు 220 పని దినాలు, 1000 గంటలు తగ్గకూడదు. క్యాలెండరు ముందు పెట్టుకుని లెక్క చూసుకున్నాను. ఆరు రోజులు తీసినా లోటు రాదు కానీ, గోదావరికి పెద్ద వరద వచ్చి వారం పది రోజులు బడి మూతపడితే ఆ లెక్క నిలవదు. అందుకని ఏ రోజునూ వృథాగా పోనివ్వకూడదన్నది నా పట్టుదల.

గత ఏడాది ఇటువంటి రోజులు రెండు పెట్టి చూశాం. మొదటి రోజు కార్యక్రమమంతా నేనే నిర్ణయించాను. ఉదయం బయటి నుంచి ఒకరిని పిలిపించి ఉపన్యాసం ఇప్పించాను, మధ్యాహ్నం రికార్డులు పూర్తి చేయించాను. సాయంత్రం సైన్సు ఉపాధ్యాయిని నా గదికి వచ్చి, "సార్, ఇవాళ నేను కొత్తగా నేర్చుకున్నదీ లేదు, నా పని ఒకటి పూర్తయిందీ లేదు" అని ఎంతో మర్యాదగా చెప్పి వెళ్లారు. ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. రెండవసారి అందుకు పూర్తి విరుద్ధంగా, ఎవరి పని వారు చూసుకోండని వదిలేశాను. కొందరు పేపర్లు దిద్దుకున్నారు, ఇద్దరు పాఠ్య ప్రణాళికలు రాసుకున్నారు, మిగిలినవారికి ఏం చేయాలో తోచక మాటలతో పొద్దు గడిచింది. నరసాపురం నుంచి సఖినేటిపల్లి రేవుకు పంటు మీద దాటి వచ్చే ఇద్దరు టీచర్లు మూడు గంటలకే బయలుదేరి వెళ్లిపోయారు. నేను వద్దనలేకపోయాను, ఎందుకంటే వారిని ఆగమని చెప్పడానికి నా దగ్గర పనేమీ లేదు.

ఇప్పుడు స్టాఫ్‌లో ఒక్కొక్కరిదీ ఒక్కో అభిప్రాయంగా ఉంది. అనుభవం ఉన్నవారు తమ సమయం తమకు వదిలేయమంటున్నారు. కొత్తగా చేరినవారు, ముఖ్యంగా తాము తెలుగు మాధ్యమంలో చదువుకుని ఇప్పుడు ఇంగ్లీషు మాధ్యమం తరగతులు చెప్పవలసి వచ్చినవారు, శిక్షణ కావాలంటున్నారు. కమిటీలో ఒక పెద్దమనిషి ఆరింటిలో రెండు రోజులు ఉపాధ్యాయులను ఇంటింటికీ పంపి అడ్మిషన్ల ప్రచారం చేయించాలని గట్టిగా కోరుతున్నారు. ఆయన ఆదుర్దా నాకు అర్థమవుతుంది, పిల్లలు లేకపోతే బడే లేదు. అయినా ఈ రోజులను అందుకు ఇవ్వడం నాకు మనస్కరించడం లేదు.

ఈ రోజుల్లో ఏం చేయాలన్నది ప్రధానోపాధ్యాయుడు నిర్ణయించాలా, ఉపాధ్యాయులా? అందరూ కలిసి కూర్చునే సమయం ఎంత, ఎవరికి వారు చేసుకునే సమయం ఎంత ఉంటే బాగుంటుంది? మన ప్రాంతానికి ఏ నెలలు అనువైనవి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయండి.

జవాబు – విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ముమ్మిడివరం

మాస్టారూ, మీరు చేసిన రెండు ప్రయోగాలూ నేనూ చేశాను. మీలాగే రెండింటిలోనూ దెబ్బతిన్నాను. కాబట్టి నాకు తెలిసినది కాస్త విపులంగానే రాస్తాను.

ముందుగా, సొంత తయారీకి సమయం అడుగుతున్నవారిని పని తప్పించుకునేవారిగా ఎవరూ చూడకూడదు. మీరు చెప్పిన షెడ్యూలులోనే ఉపాధ్యాయుడు వారానికి కనీసం 45 గంటలు పని చేయాలని ఉంది, ఆ 45 గంటల్లో పాఠం తయారుచేసుకునే సమయం కూడా కలిసే ఉంటుందని అక్కడే స్పష్టంగా రాశారు. పాఠానికి తయారు కావడం ఉద్యోగంలో భాగమని చట్టమే ఒప్పుకున్నప్పుడు, దాన్ని మనం దయతలచి ఇచ్చే వెసులుబాటుగా మాట్లాడితే వినేవారికి కష్టంగా ఉంటుంది. కమిటీకి మీరు రాసి ఇచ్చే కాగితంలో మొదటి వాక్యంగా ఈ మాట ఉంటే, అడ్మిషన్ల ప్రచారం గురించి మీరు వేరుగా వాదించవలసిన అవసరం చాలావరకు తగ్గుతుంది.

ఇక ఉమ్మడి సమయం సంగతి. ఉన్నత పాఠశాలనూ దాని చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలలనూ ఒక కూటమిగా కలిపి, ఉపాధ్యాయులు ఒకరి నుంచి ఒకరు నేర్చుకునే ఏర్పాటు ఉండాలని 1964-66 నాటి కొఠారీ కమిషన్ సూచించింది. మనం స్కూల్ కాంప్లెక్స్ అంటున్నది ఆ ఆలోచన నుంచి వచ్చినదే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కాంప్లెక్స్ సమావేశమంటే ఒకరు నిజంగా పిల్లలను కూర్చోబెట్టి పాఠం చెప్పడం, మిగతావారం వెనక బల్లల మీద కూర్చుని చూడడం, తరువాత దాని మీద గంటసేపు చర్చించుకోవడం. క్రమంగా ఆ పాఠం కుదించుకుపోయి, సర్క్యులర్లు చదివి వినిపించడం, లెక్కలు అప్పజెప్పడం పెరిగాయి. పైనుంచి వచ్చిన కాగితాలు ముందు ముగిద్దాం, చర్చ తరువాత చూద్దాం అని ప్రతిసారీ అనుకోవడం వల్ల జరిగింది అది. ఆ తరువాత అనేది ఎన్నడూ రాలేదు. అందుచేత మీ ఆరు రోజుల్లో సర్క్యులర్ చదవడానికి ఒక్క నిమిషం కూడా ఇవ్వకండి. అవి వాట్సాప్‌లో చదువుకుంటే సరిపోతుంది.

మరి కలిసి ఏం చేయాలంటే, పిల్లల నోటు పుస్తకాలు, జవాబు పత్రాలు బల్ల మీద పరిచి చూడండి. ఒక ఉదాహరణ చెబుతాను. అర్ధసంవత్సర పరీక్షలు అయిన మరునాడు మా బడిలో అయిదవ తరగతి గణితం పేపర్లు అందరం కలిసి చూశాం. 503 నుంచి 248 తీసివేయమని ఒక లెక్క ఉంది. చాలామంది 345 అని రాశారు. దిద్దిన టీచరు తప్పు గుర్తు పెట్టి సున్నా వేశారు, అందులో ఆమె తప్పేమీ లేదు. కానీ కాగితాలు పక్కపక్కన పెట్టేసరికి, అంతమంది ఒకే తప్పు సమాధానం ఎలా రాశారన్న ప్రశ్న వచ్చింది. మూడులోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచి మూడు తీశారు, సున్నాలోంచి నాలుగు పోదు కాబట్టి నాలుగు అలాగే దించారు. అంటే ఏ స్థానంలో చూసినా పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేయడమే తీసివేత అని వారు అనుకుంటున్నారు. దానికి కారణం వెతికితే, నాలుగో తరగతి టీచరు "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోండి" అని చెప్పేవారని, అయిదో తరగతి టీచరు వందను పది పదులుగా, ఒక పదిని పది ఒకట్లుగా విప్పి చూపేవారని బయటపడింది. పక్కింట్లో సున్నా ఉంటే అప్పు ఎవరిస్తారు? పిల్లవాడు అక్కడే ఆగిపోయాడు. ఆ ఇద్దరు టీచర్లూ అదే వరండాలో ఎదురెదురు గదుల్లో ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్నవారు. కూర్చుని మాట్లాడుకునే అవకాశం అంతకుముందు వారికి ఎవరూ కల్పించలేదు, నాతో సహా.

ఆ మధ్యాహ్నం పుల్లల కట్టలు తెప్పించి, మూడు, నాలుగు, అయిదు తరగతుల వారు ఒకే మాటతో, ఒకే పద్ధతిలో చెప్పాలని నిర్ణయించుకున్నారు. నేను చెప్పి చేయించింది కాదది. నేను పేపర్లు పరిపించాను, అంతే.

కాబట్టి నా సలహా ఇది. రోజును నిర్ణయించేది మీరు, ఆ రోజు చూడవలసిన ప్రశ్నను తెచ్చేది ఉపాధ్యాయులు. పదిహేను రోజుల ముందు ప్రతి ఒక్కరినీ తన తరగతిలో తనకు అంతుపట్టని విషయం ఒకటి రాసి ఇమ్మనండి. వాటిలో ఒకటో రెండో మాత్రమే తీసుకోండి. మధ్యాహ్న భోజనం వరకు కలిసి కూర్చోండి, ఆ తరువాతి సమయం పూర్తిగా వారిదే. నాలుగు గంటలకు ఏం పూర్తయిందో ప్రతి ఒక్కరూ ఒక వాక్యం రాసి పెడితే చాలు, అంతకు మించి నివేదికలు అడగవద్దు.

శిక్షణ గురించి కూడా ఒక మాట. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి వికాస శిక్షణలో పాల్గొనాలంటోంది. మీ ఆరు రోజులూ దానికే ధారపోసినా 50 గంటలు నిండవు. దీక్షా అనే ఆన్‌లైన్ వేదికలోని కోర్సులు ఇంటి వద్దనైనా చేసుకోవచ్చు. నలుగురు ఒకచోట కూర్చుని తమ పిల్లల పేపర్లు చూడడమే మరోచోట కుదరదు.

జవాబు – సెకండరీ గ్రేడ్ టీచరు, లంక గ్రామం, పి.గన్నవరం వైపు

సార్, నమస్కారం. నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పని చేస్తున్నాను. మాది ఇద్దరు టీచర్ల బడి. మీరడిగిన మూడో ప్రశ్నకు, అంటే ఏ నెలలన్నదానికి, నా అనుభవం పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

జులై, ఆగస్టుల్లో ఒక్క రోజు కూడా పెట్టకండి. 2022 జులైలో ధవళేశ్వరం వద్ద మూడవ ప్రమాద హెచ్చరిక ఎగురవేసి, 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రానికి వదిలిన రోజుల్లో మా లంక మొత్తం ఖాళీ అయింది. ఏటిగట్టు ఇవతల ఉన్న ఉన్నత పాఠశాలను పునరావాస కేంద్రం చేశారు, మాకు అక్కడ డ్యూటీ పడింది. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం మినహా చదువుకు సంబంధం లేని పనులకు టీచర్లను వాడకూడదంటుంది, విపత్తు సహాయం అందులో మినహాయింపు. ఆ డ్యూటీ చేయవలసిందేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను, ఎందుకంటే అక్కడ తల దాచుకున్నవి మా పిల్లల కుటుంబాలే. నీరు తీసిన తరువాత బడికి వెళ్తే బీరువా కింది అరలోని పుస్తకాలు ఒకదానికొకటి అంటుకుపోయి ఇటుకల్లా ఉన్నాయి. అడ్మిషన్ రిజిస్టరును ముందే పై అరలో పెట్టాం కాబట్టి అది దక్కింది. నాలుగు రోజులు వరండాలో పుస్తకాలు ఆరబెట్టడం, తడిసినవి వేరు చేయడంతోనే సరిపోయింది. గోదావరి ఏటా కొన్ని రోజులు తనే తీసుకుంటుంది సార్, మనం ఇంకా ఇవ్వనక్కర్లేదు.

జూన్‌లో బడి తెరవడానికి ముందు ఒకటి, వరద కాలం దాటాక మొదటి పెద్ద పరీక్షలు అయిన వెంటనే ఒకటి, అర్ధసంవత్సర పరీక్షల తరువాత ఒకటి పెట్టుకోండి. సంక్రాంతికి ముందు వారం వద్దు, మనసు ఎవరికీ నిలవదు. మాఘమాసంలో భీష్మ ఏకాదశి సమయంలో అంతర్వేది నరసింహస్వామి కల్యాణం జరిగే రోజుల్లో మీ ప్రాంతంలో పిల్లల హాజరు ఎలాగూ పలచబడుతుంది. ఆ తీర్థం ముందో వెనుకో ఒక రోజు పెట్టుకుంటే పిల్లలు నష్టపోయే పాఠం తక్కువ.

మా ప్రభుత్వ బడుల్లో ఇంకొక చిక్కు ఉంది. పిల్లలు రాని రోజంటే మధ్యాహ్న భోజనం లేని రోజు. ఆ పథకానికి ఇప్పుడు పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు మా పక్క లంకల గన్నవరం వారిదే. ఆకలితో వచ్చిన ఎవరికీ లేదనకుండా వండి పెట్టిన ఆ తల్లి ఊరి దగ్గర ఉండి, కూలికి వెళ్లే తల్లుల పిల్లలకు ఒక పూట తిండి తప్పే రోజును ఊరకే ప్రకటించడం నాకు కష్టమనిపిస్తుంది. మీది ట్రస్టు బడి కాబట్టి ఆ ఇబ్బంది మీకు వేరే రూపంలో ఉండవచ్చు. చిన్న పిల్లలను ఆ రోజు ఎవరు చూసుకుంటారన్నది మాత్రం అడిగి తెలుసుకోండి.

చివరగా ఒక విన్నపం. మాది ఇద్దరు టీచర్ల బడి కాబట్టి నోటు పుస్తకాలు పరిచి చూసుకోవడానికి మాకు తోడు లేదు. వేసవిలో బడి తెరవకముందు మీరు పెట్టుకునే రోజున ఉదయం పూట చుట్టుపక్కల ప్రాథమిక టీచర్లను కూడా పిలిస్తే, నేను సొంత ఖర్చుతో వస్తాను.

జవాబు – అమలాపురంలో పుట్టి అమెరికాలో ఉపాధ్యాయినిగా పని చేస్తున్న ఒకరు

ఇక్కడ చాలా రాష్ట్రాల్లో పిల్లలకు ఏడాదికి 180 రోజుల దాకా బడి ఉంటుంది. దాని మీద ఉపాధ్యాయులు మాత్రమే వచ్చే రోజులు కొన్ని ఉంటాయి, అవి ఏ తేదీలో విద్యాసంవత్సరం మొదలు కాకముందే క్యాలెండరులో అచ్చవుతాయి. చాలాచోట్ల ఆ రోజుల్లో ఎంత భాగం ప్రిన్సిపాల్ చేతిలో ఉంటుందో, ఎంత భాగం ఉపాధ్యాయుల సొంతమో వారి సంఘంతో కుదుర్చుకున్న ఒప్పందంలోనే రాసి ఉంటుంది.

నేను మొదట పని చేసిన బడిలో అటువంటి రాత లేదు. గ్రేడ్లు వేసుకోవడానికి ఇచ్చిన రోజున ఉదయం పదిహేను నిమిషాల సమావేశమని పిలిచేవారు, అది భోజనం దాకా సాగేది. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. కానీ ఆ రాత్రి నేను ఇంట్లో పిల్లలను పడుకోబెట్టి, పన్నెండు దాటేవరకు గ్రేడ్లు వేసుకునేదాన్ని. అందువల్ల పై మాస్టారు గారు చెప్పిన సగం సగం పద్ధతి చాలా బాగుంది కానీ, దాన్ని నోటిమాటగా ఉంచకండి. మధ్యాహ్నం ఒంటిగంట తరువాత ఏ సమావేశమూ ఉండదని కమిటీ తీర్మానంలోనే రాయించండి. మీ తరువాత వచ్చే ప్రధానోపాధ్యాయుడు మీ అంత ఆలోచన ఉన్నవారు కాకపోవచ్చు.

జవాబు – ఒక విద్యార్థి తండ్రి, సఖినేటిపల్లి మండలం

నేను ఉపాధ్యాయుణ్ణి కాను, మాట్లాడవచ్చో లేదో తెలియదు. నా భార్య కువైట్‌లో పని చేస్తోంది. పిల్లలిద్దరినీ మా అమ్మ చూసుకుంటుంది, నేను కొబ్బరి దింపులకు తెల్లవారకుండానే వెళ్తాను. మా ఊళ్లో ఇటువంటి ఇళ్లు చాలా ఉన్నాయి. బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడు మా అమ్మ వెళ్లి సంతకం చేసి వస్తుంది, టీచరు గారు చెప్పింది ఆమెకు సగమే గుర్తుంటుంది.

మీరు పెట్టే ఆరు రోజుల్లో ఒకటి శుక్రవారం వచ్చేటట్టు చూడండి. కువైట్‌లో అది వారపు సెలవు. అక్కడ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది, మన మధ్యాహ్నం రెండున్నర అక్కడ పన్నెండు. ఆ రోజు మధ్యాహ్నం క్లాస్ టీచరు గారు ఒక పది నిమిషాలు వీడియో కాల్‌లో తల్లితో మాట్లాడితే, బిడ్డ చదువు సంగతి ఆమె నేరుగా వింటుంది. ఏడాదికి ఒక్కసారైనా చాలు. ఇంకొకటి, సెలవు తేదీలు నెల ముందు చెప్పండి, మా అమ్మ ఆసుపత్రి పని ఏదైనా ఉంటే వేరే రోజుకు మార్చుకుంటుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన

మీ అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్న స్టాఫ్‌తో కూర్చుని ఈ జవాబులన్నీ చదివి వినిపించాను. 503 లెక్కను బల్ల మీద రాయగానే మా నాలుగో తరగతి టీచరు, తానూ "అప్పు" అనే చెబుతున్నానని అన్నారు. ఆ చర్చ అక్కడికక్కడే అరగంట నడిచింది.

ఆరు రోజుల్లో ఒకటి జూన్‌లో బడి తెరవకముందు, రెండు పరీక్షల వెంట, ఒకటి అంతర్వేది తీర్థం రోజుల్లో, ఒకటి పదో తరగతి పరీక్షలకు ముందు ఫిబ్రవరిలో అని తేలింది. ఆరవది నవంబరులో ఒక శుక్రవారం. దాని మధ్యాహ్నం పూర్తిగా విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులతో మాట్లాడడానికే. ఈ సూచన ముందు మాకెవరికీ తట్టలేదు, మా తరగతుల్లో తల్లులు గల్ఫ్‌లో ఉన్న పిల్లలు ఎందరో తెలిసి కూడా. ఆ ఒక్క రోజు తప్ప, ఒంటిగంట తరువాత ఉపాధ్యాయుల సమయం వారిదేనని తీర్మానంలో చేర్చమని కమిటీకి రాశాను. ఇంగ్లీషు మాధ్యమం గురించి అడిగిన కొత్తవారు జూన్ రోజుకు తమ ప్రశ్నలు ఇప్పటికే రాసి ఇచ్చారు. అడ్మిషన్ల ప్రచారం గురించి ఆ పెద్దమనిషితో నేను స్వయంగా మాట్లాడాను. ఆయన పూర్తిగా సమ్మతించలేదు. జూన్‌లో జరిగే ఉదయం సమావేశానికి వచ్చి ఒక మూల కూర్చుని చూస్తానన్నారు, రమ్మన్నాను.

లంక నుంచి రాసిన టీచరు గారికి: తప్పకుండా రండి, మీ సహోపాధ్యాయురాలిని కూడా తీసుకురండి. మీ మూడు, నాలుగు, అయిదు తరగతుల గణితం నోటు పుస్తకాలు, దిద్దనివే అయినా సరే, కొన్ని వెంట తెచ్చుకోండి. పంటు దాటి వచ్చేవారిని దృష్టిలో పెట్టుకుని తొమ్మిదిన్నరకు మొదలుపెడుతున్నాం. భోజనం మా బడిలోనే.